గిత్తల బండికి షాకబ్జర్లు

గౌస్ బాషాకి కోపం ముక్కు మీదే ఉంటుందని చిలకలూరిపేట చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. రోడ్డు మీద గుంత కనిపిస్తే కాంట్రాక్టరుని తిడతాడు. గుంత పూడ్చి ఉంటే, ఇన్నాళ్ళూ ఎందుకు పూడ్చలేదని తిడతాడు. టీ చల్లారితే కోపం, మరీ వేడిగా ఉంటే కోపం. అవన్నీ వచ్చిన దారినే పోయే కోపాలు, ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ మాఘమాసంలో సింగరాయకొండ అవతల ఓ ఊరి తిరునాళ్ళలో వచ్చిన కోపం అలాంటిది కాదు. బండలాగుడు పందెం బరి పక్కన, పదిమంది వింటుండగా, యలమంద ఓ మాట అన్నాడు. తప్పు గిత్తది కాదు, దాన్ని మోసుకొచ్చిన బండిది, అన్నాడు. ఆ బండి గౌస్ బాషాది.

జరిగిందేమిటంటే, పేటకి పడమరగా మిరపా పత్తీ సాగుచేసే అంకమ్మరావు అనే రైతుకి ఒంగోలు గిత్తల జత ఒకటుంది. పందేలకే పెంచాడు. పొలం పనికి ట్రాక్టర్లున్నాయి కాబట్టి ఆ గిత్తలు ఉలవలు తినడం, సాధన చేయడం, బండ లాగడం తప్ప మరో పని ఎరగవు. వాటిని కన్నబిడ్డల్లా చూసుకునేవాడు యలమంద. పందెం ఎక్కడుంటే అక్కడికి తన పికప్ వెనక ట్రాలీ తగిలించి వాటిని చేర్చేవాడు గౌస్ బాషా. ఆ పూట, పళ్ళని బట్టి వయసు కట్టే ఆ పందేల్లో, ఆరుపళ్ళ విభాగంలో వీళ్ళ జత బరిలో దిగింది. బండ కదిలింది, కాస్త దూరం జోరుగానే సాగింది. అంతలో కాడికి ఎడమ పక్కన కట్టే దాపటి గిత్త ముంగాళ్ళు మడిచి మోకాళ్ళ మీద కూలబడింది. మైకులో మాట్లాడేవాడి నోటికి అడ్డూ ఆపూ ఉండవు కదా. అంకమ్మరావుగారి గిత్తకి అమ్మ ఒడి గుర్తొచ్చిందన్నాడు. జనం గొల్లున నవ్వారు.

అంకమ్మరావుకి ఆ నవ్వు చెవుల్లో సీసం పోసినట్టయింది. మోకాలేసిన గిత్తను మళ్ళీ తన ఇంటి కాడికి కట్టే ఆచారం తమ వంశంలో లేదని, ఉగాది లోపు దాన్ని అమ్మేస్తానని అక్కడికక్కడే తేల్చేశాడు. యలమంద గిత్త తొడ మీద చెయ్యి వేసి, అది ఇంకా వణుకుతూనే ఉందని చూపించాడు. ట్రాలీ దిగినప్పటినుంచీ వణుకుతోందన్నాడు. ఏడాదిగా ఇదే వరస, దిగేసరికి దానికి కాళ్ళలో సత్తువ ఉండటం లేదన్నాడు. ఆ తర్వాతే బండి మాట అన్నాడు.

గౌస్ బాషా తాడు చుడుతున్నవాడల్లా ఆ తాడు కింద పడేశాడు.

"ఏరా యలమందా, లాగేది గిత్త, తోలేది నువ్వు, తప్పు మాత్రం నా బండిదా? ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడే."

యలమంద మాత్రం తగ్గలేదు. అంత నమ్మకముంటే గిత్త నిలబడిన చోట నువ్వు నిలబడి రా, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. నిలబడతా, నాకేం భయం, నీలాగా నోటితో బండి తోలేవాణ్ణి కాదు అని గౌస్ బాషా అరిచాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు, చిన్నప్పుడు ఒకే వాగులో ఈతకొట్టినవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకడితో ఒకడు మాట్లాడుకోలేదు.

గౌస్ బాషా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే బండిని అంటే అంత ఉడుకెందుకో అర్థం కాదు. అతని తండ్రి ఎద్దులకి నాడాలు కొట్టేవాడు. ఎద్దును పడుకోబెట్టి, గిట్ట చెక్కి, నాడా బిగించి లేపితే, అది లేచి వేసే మొదటి అడుగు చూసి తన పని ఎలా ఉందో చెప్పగలిగేవాడు. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి, ఎద్దులతోపాటు ఆ పనీ పోయింది. కొడుకు పికప్ కొనుక్కున్నాడు. మిరప రోజుల్లో కల్లాల నుంచి గుంటూరు యార్డుకి మిరపకాయల బస్తాలు, మన మాటలో టిక్కీలు, తోలతాడు, పత్తి రోజుల్లో జిన్నింగు మిల్లులకి పత్తి కుక్కిన బోరాలు తోలతాడు. అయితే అతని మనసంతా గిత్తల మీదే. ఎత్తయిన లారీలోకి ఎక్కించేటప్పుడు గిత్తలు బెదిరి కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నాయని, నేలబారుగా ఉండే రెండు చక్రాల ట్రాలీని పేటలో దగ్గరుండి వెల్డింగ్ చేయించాడు. గోడలకి కొబ్బరిపీచు పట్టాలు కొట్టించాడు, అడుగున ఇసక పరిచాడు. అందులో ఎక్కిన గిత్తకి ఇన్నేళ్ళలో గోరంత గీత పడలేదు. తండ్రి చేత్తో చేసిన పనిని తను చక్రాలతో చేస్తున్నానని అతని గర్వం. అటువంటివాణ్ణి పట్టుకుని నీ బండే గిత్తను చెడగొట్టిందంటే ఊరుకుంటాడా.

కానీ నిజం చెప్పుకోవాలంటే, ఆ బండిని గౌస్ బాషా కిందటేడు మార్చాడు. మన వైపు ఓ పిచ్చి ఉంది. పికప్ కొన్నవాడు దాన్ని గుడికి తీసుకెళ్ళి నిమ్మకాయలు తొక్కించకముందే చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలు వేసేవాడి దగ్గరికి తీసుకెళతాడు. కంపెనీ వాడు లెక్కగట్టి వేసిన పట్టీల మీద మరో రెండు వేయిస్తాడు. బండి వెనకభాగం తేలు తోక లేపినట్టు లేచి ఉంటేనే అది మగబండి. ఎవడి బండి వెనక ఎంత లేస్తే వాడికి అంత పేరు. కంపెనీ ఇంజనీర్లకి మిరప టిక్కీ అంటే ఏం తెలుసని మనవాళ్ళ వాదన. గౌస్ బాషా చాలాకాలం ఆ పిచ్చికి దూరంగానే ఉన్నాడు. కిందటి సీజన్లో టిక్కీలెక్కితే వెనక కుంగుతోందని తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేసరికి అతనూ పక్కకి రెండేసి పట్టీలు వేయించేశాడు. అప్పటికే వెనక షాకబ్జర్లు నూనె కారుతున్నాయి. పట్టీలు గట్టివి వేశాక షాకబ్జర్లు ఇంకా గట్టివి ఉండాలనుకుని కొనడానికి బయల్దేరాడు.

ముందు పేటలోనే, స్పిన్నింగ్ మిల్లుల వరసలో ఉన్న కౌసర్ కొట్టుకి వెళ్ళాడు. తండ్రి పోయాక ఆ స్పేర్‌పార్టుల కొట్టు ఆమే నడుపుతోంది. గౌస్ బాషాకి వరసకి మేనకోడలవుతుంది. గట్టివి ఇవ్వమని అతనంటే, దేనికని ఆమె అడిగింది. టిక్కీలకీ గిత్తలకీ అన్నాడు. ఏదో ఒకటి చెప్పు మామూ, రెంటికీ ఒకటే కావాలంటే నేనివ్వను, అంది. కొనేవాడికి అమ్మననే కొట్టు ఉంటుందా అని గౌస్ బాషా అక్కడే నలుగురికీ వినబడేలా అరిచి, ఆ కోపంలోనే గుంటూరు వెళ్ళాడు. అక్కడ ఎవడో రాయిలాంటివున్నాయని చెప్పి నల్లటివి రెండు అంటగట్టాడు. ఏమడగలేదు, ఏం చెప్పలేదు. అలాంటి వ్యాపారి అంటే మనకి ఎంత ఇష్టమో.

తిరునాళ్ళ మర్నాడు పొద్దున్నే గౌస్ బాషా అంకమ్మరావు కొట్టం దగ్గరికి బండి పట్టుకెళ్ళాడు. తను ట్రాలీలో నిలబడితే స్టీరింగు పట్టేవాళ్ళు కావాలి కదా. అతని స్టీరింగు ఇంకొకరి చేతికివ్వడమంటే ప్రాణం పోయినంత పని. చివరికి కూతురు సిద్దికాని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లకి తనే నేర్పాడు, లైసెన్సు కూడా ఉంది, కానీ ట్రాలీ తగిలించిన బండిని ఎన్నడూ ఇవ్వలేదు. యలమంద గిత్తలు రెంటినీ ఎక్కించాడు. కాడికి కట్టినట్టే, దాపటిది ఎడమ పక్కన, వలపటిది కుడి పక్కన. మన రైతులు గిత్త పక్క మార్చరు. కొట్టంలో గాటికి కట్టినా, నీళ్ళకి తోలినా, బండెక్కించినా దాపటిది దాపటే. పక్క మారితే గిత్త చెదురుతుందని నమ్మకం. గౌస్ బాషా దాపటిదాని మెడ పక్కన పైపు పట్టుకుని నిలబడ్డాడు, పదమ్మా అన్నాడు.

కాలువ కట్ట మీద నుంచి హైవే దాకా రోడ్డు మన రోడ్లలాగే ఉంది. అంటే నడుమ కాస్త తారు, అంచులు కొరికేసిన రొట్టెలాగా. ఎదురుగా టిక్కీల బండి వచ్చినప్పుడల్లా సిద్దికా ఎడమ పక్కకి దిగక తప్పలేదు. దిగినప్పుడల్లా ఎడమ చక్రం అంచు గుంతలో పడేది. పికప్ వెనకభాగం ఎగిరి తన్నేది. ఆ తన్నుకి ట్రాలీ తగిలించిన కొక్కెం లేచేది, కొక్కెంతోపాటు ట్రాలీ ముక్కు లేచేది. గుంత దాటాక అది కుదురుకోవాలి కదా. కుదురుకునేది కాదు. లేవడం, పడటం, మళ్ళీ లేవడం, ఆ ఊపు ఆగేలోపు ఇంకో గుంత. గౌస్ బాషా పైపుని ఒక చేత్తో పట్టుకున్నవాడు రెండో చెయ్యి వేశాడు. తర్వాత దాన్ని వాటేసుకున్నాడు. పక్కన గిత్తకి చేతులు లేవు. ట్రాలీ ముక్కు లేచినప్పుడల్లా అది వెనక్కి జారకుండా వెనక తొడలు బిగించేది, ముక్కు పడినప్పుడల్లా ముంగాళ్ళు తన్నిపట్టేది. గిట్టల కింద ఇసకంతా ఓ మూలకి పోయింది. దాని మూతి గౌస్ బాషా భుజానికి ఆనుకుని ఉంది, ఊపిరి వేడిగా, గబగబా తగులుతోంది. కుడి పక్కన రోడ్డు నడుమ మీద సాగే వలపటిదానికి ఇందులో సగం బాధ కూడా లేదు. అది దర్జాగా నిలబడి కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల్ని చూస్తూ వస్తోంది.

హైవే చేరేలోపే గౌస్ బాషా గోడ మీద దబదబా కొట్టి బండి ఆపించాడు. ట్రాలీ దిగి రెండడుగులు వేసి, మోకాళ్ళు నిలవక రోడ్డు పక్కనే కూర్చుండిపోయాడు. తాగిన టీ అంతా కక్కేశాడు. కక్కి మూతి తుడుచుకుని మొట్టమొదట కూతుర్ని తిట్టాడు, బండి తోలడం ఇలాగేనా అని. నువ్వు నేర్పినట్టే తోలాను నాన్నా అంది సిద్దికా. తర్వాత రోడ్డుని తిట్టాడు. గుంటూరు కొట్టువాణ్ణి తిట్టాడు, వెల్డింగువాణ్ణి తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలక ఆగాడు. వాళ్ళ వెనకే మోటారుసైకిల్ మీద వచ్చిన యలమంద నవ్వలేదు. నవ్వితే గౌస్ బాషా అప్పుడే అతన్ని కొట్టి, ఆ గొడవ అక్కడితో పోయేదేమో.

"నువ్వు నిలబడింది ఇంతసేపే బాషా. అది సింగరాయకొండ దాకా నిలబడింది. దిగంగానే బండ లాగమన్నాం," అన్నాడు యలమంద.

గౌస్ బాషా లేచి వెళ్ళి దాపటిదాని తొడ మీద చెయ్యి వేశాడు. తండ్రి ఎద్దుల దగ్గర అలాగే చెయ్యి వేసేవాడు. చెయ్యి కింద కండ ఎగిరిపడుతోంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఏడాదిపాటు ఆ కాకిని నేనేనా అని అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వెంటనే కోపమైంది, అది అతని తత్వం. ఆ కోపంతోనే గిత్తల్ని దించి యలమందకి అప్పగించి, బండి తిప్పి కౌసర్ కొట్టుకి పోనిచ్చాడు.

కొట్టు ముందే గుంటూరు షాకబ్జర్లు విప్పించాడు. కౌసర్ ఒకదాన్ని నేల మీద నిలబెట్టి, చేతికిచ్చి నొక్కమంది. బలమంతా పెట్టి నొక్కితేగానీ దిగలేదు. చూశావా ఎంత గట్టిదో అనబోయాడు. ఇప్పుడు పైకి లాగు మామూ అంది. లాగితే అడ్డూ ఆపూ లేకుండా జర్రున వచ్చేసింది, నీళ్ళలోంచి చెయ్యి తీసినట్టు. రెండోదీ అంతే.

"బరువు మోసేది కమాను పట్టీ మామూ. షాకబ్జరు బరువు మొయ్యదు, పట్టీ ఎగిరినప్పుడు దాన్ని పట్టి కూర్చోబెడుతుంది. నీది పొడిస్తే పోట్లాడుతుంది, పట్టుకోమంటే చేతులెత్తేస్తుంది. గుంత దెబ్బంతా కొక్కేనికి, ఊపంతా గిత్తలకి," అంది కౌసర్.

ఈ మాట కిందటేడే చెప్పొచ్చు కదా అని గౌస్ బాషా ఎగిరాడు. చెప్పనిచ్చావా అంది ఆమె. నిజమే, చెప్పనివ్వలేదు. అది ఒప్పుకోవడానికి మనసొప్పక, ఉన్నవన్నీ బయట పెట్టమన్నాడు. ఆమె మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. గ్యాసువి, బాగా బిగువైనవి ఒక రకం. కింద మీట తిప్పి బిగువు మార్చుకునేవి ఇంకో రకం. ఆ బండికి కంపెనీ వేసేలాంటి ఆయిలువే, కాకపోతే కాస్త లావు గొట్టంవి మూడో రకం. మొదటివి చూడ్డానికి మెరుస్తున్నాయి, పాత అలవాటుకొద్దీ చెయ్యి వాటి మీదికే పోయింది. నొక్కాడు, కదల్లేదు. పక్కన పెట్టేశాడు. మీటవి బాగానే ఉన్నాయి, కానీ టిక్కీలెక్కినప్పుడొకసారి, గిత్తలెక్కినప్పుడొకసారి ఎవరైనా బండి కిందికి దూరి తిప్పుతారా. మొదటి వారం తిప్పుతాను, రెండో వారం మర్చిపోతాను, నా సంగతి నాకు తెలుసు అన్నాడు. మూడోదాన్ని నొక్కితే మెత్తగా దిగింది. లాగితే, మొండి దూడ పలుపు పట్టి లాగినట్టు, బిగించి పట్టుకుని మెల్లగా వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లాగాడు. కొట్టుకొచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నా మానలేదు. ఇవే అన్నాడు.

అయితే ఆ అదనపు పట్టీలు తీయిస్తేనే ఇస్తానంది కౌసర్. అవి ఉన్నంతకాలం ఏ షాకబ్జరు వేసినా ఏడాదికి చస్తుందంది. మిరప సీజను నడినెత్తిన ఉంది, పట్టీలు తీస్తే టిక్కీలు సగమే ఎక్కుతాయి, కల్లాల దగ్గర రైతులు వేరే బండి చూసుకుంటారు. అందుకే కిందటేడు ఏదో ఒకటి చెప్పమంది ఆమె. గౌస్ బాషా కొట్టు ముందు అటూ ఇటూ తిరిగాడు. యార్డునీ, కల్లాల్నీ, మగబండి పిచ్చినీ వరసగా తిట్టాడు. తిట్టడం అయ్యాక పట్టీలవాడి దగ్గరికెళ్ళి, రెండేసి తీసెయ్యమన్నాడు. బండి వెనకభాగం దిగి మామూలు బండిలా నిలబడింది. అటుగా పోతున్న డ్రైవరొకడు ఏం భాయ్, తోక తెగిందా అనడిగాడు. అతనికి ఏం జవాబొచ్చిందో ఇక్కడ రాయక్కర్లేదు.

ఆ సాయంత్రమే గౌస్ బాషా అంకమ్మరావు ఇంటికెళ్ళాడు. ఈ మనిషి తప్పు తనదని చెప్పడానికి ఒకరి గుమ్మం ముందు నిలబడటం అదే మొదలు. చెప్పాడు. గిత్త మంచిదే, నా బండే దాన్ని విరగ్గొట్టింది, ఇప్పుడు బాగుచేయించాను, ఒక్కసారి ఎక్కించి తిప్పి తెస్తాను, దించీ దించగానే బండకి కట్టి చూడండి, అప్పటికీ మోకాలేస్తే అమ్ముకోండి, అన్నాడు. బతిమాలే గొంతు కాదది, అతనికి ఆ గొంతు లేదు. అయినా బతిమాలడమే.

అంకమ్మరావు కుర్చీలోంచి లేవకుండానే విన్నాడు. అమరావతి దగ్గర కోటేష్ అనే రైతుకి మాటిచ్చేశానన్నాడు. పైగా, కళ్ళారా చూశాను కదా, ఇంకా చూసేదేముంది అన్నాడు.

"షాకబ్జర్లు బాగాలేక గిత్త పడిపోయిందని ఊళ్ళో చెప్పమంటావా బాషా? మైకులో నవ్విందానికంటే ఎక్కువ నవ్వుతారు. లక్ష్మివారం నీ బండే కట్టు, తోలేద్దువుగాని," అన్నాడు.

గౌస్ బాషాకి ఒళ్ళు మండిపోయింది. ఏడాదంతా తను చేసిన తప్పుకి శిక్ష పడుతోంది ఆ మూగజీవానికి. తప్పు నాదని చెప్పినా వినేవాడు లేడు. గిత్త మోకాలేసిందని నవ్వినవాళ్ళ మీద లేని పౌరుషం, నిజం తెలుసుకోవడం దగ్గర వచ్చిందా ఈయనకి. నేను తోలను, ఇంకో బండి చూసుకోండి అందామని నోటిదాకా వచ్చింది. ఇంకో బండి అంటే తేలు తోక లేపుకున్న ఏదో మగబండే. దాంట్లో అమరావతి దాకా ఆ గిత్త మళ్ళీ అదే నరకం పడాలి. నోరు మూసుకుని వచ్చేశాడు. నోరు మూసుకోవడం అతనికి షాకబ్జర్లు మార్చడంకన్నా కష్టమైన పని.

లక్ష్మివారం పొద్దున దాపటిదాన్ని ఒక్కదాన్నే ట్రాలీ ఎక్కించారు. గౌస్ బాషా దాన్ని ఎడమ పక్కన కట్టనివ్వలేదు, సరిగ్గా నడుమ నిలబెట్టించాడు. యలమంద దాని పక్కనే నిలబడ్డాడు. అంకమ్మరావు కార్లో ముందు వెళ్ళాడు. దారిలో గుంతలకేం తక్కువ లేదు. గుంత పడితే బండి ఒక్కసారి ఊగేది, ఆ ఊపు అక్కడే చచ్చేది. గౌస్ బాషా అద్దంలో ట్రాలీ ముక్కునే చూస్తూ పోనిచ్చాడు. ఇంత చిన్న పని కిందటేడే ఎందుకు చేయలేదని దారి పొడుగునా తనని తను తిట్టుకున్నాడు.

కోటేష్ ఇంటి ముందు ట్రాలీ తలుపు దించారు. గిత్త దిగింది. దిగి, అటూ ఇటూ చూసి, నాలుగు కాళ్ళూ సమంగా ఆన్చి నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టింది. యలమంద దాని తొడ మీద చెయ్యి వేసి గౌస్ బాషా వైపు చూశాడు. కండ కదలడం లేదు. కోటేష్ భార్య హారతిచ్చి నుదుట పసుపు రాసింది. వాళ్ళింట్లో కొత్త గిత్తని కొట్టంలో కట్టేముందు తమ గిత్తతో జతకట్టి, దొడ్డి వెనకున్న బండని ఓసారి కదిలించడం అలవాటట. కట్టారు. కోటేష్ చెర్నాకోల ఎత్తనైనా లేదు, ఊరికే అదిలించాడు. బండ లేచి నేల మీద గీత గీసుకుంటూ దొడ్డి గోడ దాకా పోయింది. దాపటిది మెడ వంచి, వెనక కాళ్ళు నేలలోకి దించి లాగుతోంది. అవతల గిత్తని కూడా అదే ఈడ్చుకుపోతోందేమో అనిపించింది. గోడ అడ్డొచ్చి ఆపారుగానీ అది ఆగేలా లేదు.

అంకమ్మరావు కోటేష్‌ని పక్కకి పిలిచి, ఏదో పొరపాటు జరిగింది, గిత్తని వెనక్కి తీసుకెళతానన్నాడు. కోటేష్ చాలా మర్యాదగా, నుదుట పసుపు పెట్టాక పంపడం మా ఇంటి పద్ధతి కాదండీ అన్నాడు. అంకమ్మరావు రెండోసారి అడిగాడు, అతను రెండోసారీ అంతే మర్యాదగా కాదన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది వ్యవహారం. ఆ కాలిన చేతులు ఎవరి మీదో ఒకరి మీద దులపాలి కదా. అంకమ్మరావు తిన్నగా బండి దగ్గరికొచ్చాడు.

"చూశావా బాషా, నీ బండి వల్ల నా గిత్త పోయింది. ఏడాదిపాటు బంగారంలాంటి గిత్తని కుళ్ళబొడిచావు," అన్నాడు. అక్కడున్న కొత్తవాళ్ళందరూ విన్నారు.

గౌస్ బాషా జీవితంలో వేసిన కేకలన్నీ ఒక ఎత్తు. అప్పుడు మాత్రం అతను కేకెయ్యలేదు. యలమందకి అదే భయం వేసింది.

"మీ గుమ్మంలో నిలబడి చెప్పిన రోజున ఇది నా తప్పండీ. ఆ రోజు మీరు విననన్నారు. ఈ రోజున ఇది మీ తప్పు," అన్నాడు. "గిత్త మోకాలేసి మళ్ళీ లేచింది. మీరు లేవలేకపోయారు."

అంకమ్మరావు గబగబా కారు దగ్గరికి పోయి తలుపు తెరిచి యలమందని పిలిచాడు, ఇంటి దగ్గర వలపటిది ఒంటరిగా ఉంది, త్వరగా పోదాం రమ్మని. యలమంద గిత్త మెడలోంచి తమ ఇంటి పలుపు విప్పాడు. కోటేష్ మనిషికి ఉలవలు ఎంతసేపు నానబెట్టాలో, దానికి ఏ చెవి వెనక గోకితే ఇష్టమో చెప్పాడు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాడు. కారు వైపు మాత్రం పోలేదు. ఖాళీ ట్రాలీలోకి ఎక్కి, నడుమ, గిత్త నిలబడిన చోటే నిలబడి పైపు పట్టుకున్నాడు.

ముందుకొచ్చి కూర్చోమని గౌస్ బాషా అనలేదు. తలుపు వేసి గొళ్ళెం బిగించాడు. బండి స్టార్ట్ చేశాడు. ట్రాలీలో బరువు లేదు, రోడ్డు ఖాళీగా ఉంది, వేగంగా పోనివ్వొచ్చు. పేట వచ్చేదాకా ప్రతి గుంత దగ్గరా బ్రేకు మీద కాలు వేస్తూ, గిత్త ఉన్నట్టే తోలాడు.